కాలువకీ రోడ్డుకీ మధ్య నలభై మూడిళ్లు

శాసనసభకు గెలిచినవాళ్ల జీవితచరిత్రలు కావలసినన్ని ఉన్నాయి. ఓడినవాళ్లు సైతం డబ్బిచ్చి రాయించుకున్నారు. వాళ్లు గెలిచిన, ఓడిన నియోజకవర్గాల గీతలను కాగితం మీద గీసిన మనిషి గురించి మాత్రం ఎవరూ పేజీ ఖర్చుపెట్టలేదు. ఓటరు దేవుడని ఉపన్యాసాలు దంచేవాళ్లకు, ఆ దేవుణ్ణి ఏ గీత లోపల కూర్చోబెట్టారో, ఆ గీత ఎవరి చేతిదో అన్న సందేహం రాదు. అది సర్వే ఆఫీసులో ఒక ట్రేసరు చేతిది.

ట్రేసరంటే సొంతంగా పటం తయారుచేసేవాడు కాదు. ఎండలో గొలుసు లాగి నేలను కొలిచేవాళ్లు వేరు, లెక్కలు కట్టేవాళ్లు వేరు. వాళ్లు తయారుచేసిన పటాన్ని కింద దీపం వెలిగే గాజుబల్ల మీద పరిచి, పైన పల్చటి ట్రేసింగు కాగితం బిగించి, కనిపించిన గీతనల్లా సిరాతో ఎక్కించేవాడే ట్రేసరు. గీత తప్పితే బ్లేడు మొనతో సిరాను గీకి, గోటితో నునుపు చేసి, మళ్లీ గీయాలి. ఈ ట్రేసరు ముప్పై ఎనిమిదేళ్ల సర్వీసులో బ్లేడు పట్టిన సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చని ఆఫీసులో చెప్పుకునేవారు. పొడుగు గీత ఒకటి మొదలుపెడితే అది పూర్తయ్యేదాకా ఊపిరి వదిలేవాడు కాదు. పెళ్లయిన కొత్తలో అతని భార్య భయపడి, "భోంచేసేటప్పుడు కూడా ఊపిరి బిగబడతారేంటండీ, పళ్లెంలో ఏం గీస్తున్నారు?" అని అడిగింది.

ఆ పనిలో ఒక సూత్రం ఉంది. పెద్ద పటాన్ని చిన్నది చేసేటప్పుడు రెండు గీతలు మరీ దగ్గరగా నడిస్తే, అచ్చులో రెండూ కలిసి లావుపాటి మరకలా పడతాయి. అంచేత ఒకదాన్ని ఉంచి రెండోదాన్ని వదిలేయాలి. ఏది ఉంచాలన్నది ట్రేసరు ఇష్టం. పని నేర్పిన పెద్దాయన అతనికి మొదటి వారంలోనే చెప్పాడు: "ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవోయ్. ఒకటి తీసెయ్. చూసేవాడికి పటం శుభ్రంగా కనబడాలి." శుభ్రంగా కనబడటమే అతని జీవితాశయమైంది. అంతకన్నా పెద్ద ఆశయాలతో ఊళ్లు తగలబెట్టినవాళ్లున్నారు కనక దీన్ని చిన్నచూపు చూడనక్కర్లేదు.

నియోజకవర్గాల పునర్విభజన వచ్చింది. జనం పెరిగారు కనక అప్పటిదాకా ఒకటిగా ఉన్న పట్టణ నియోజకవర్గాన్ని తూర్పు, పడమర అని రెండు చేయాలన్నారు. ఊరి మధ్యగా ఉత్తరం నుంచి దక్షిణానికి ఒక మురుగుకాలువ, దాని తూర్పు గట్టున ఒక రోడ్డు. రెండూ ఆనుకునే నడుస్తాయి. ఒక్కచోట మాత్రం అర మైలు మేర రోడ్డు కాస్త తూర్పుకు జరిగి, మళ్లీ వచ్చి కాలువను కలుస్తుంది. ఆ చీలికలో దోసగింజ ఆకారంలో సన్నపాటి జాగా, అందులో నలభై మూడిళ్లు. కమిటీలో పెద్దలు, "హద్దు కాలువ రోడ్డు" అన్నారు. అందరూ తలలూపారు. కాలువా, రోడ్డా అని అడిగినవాడు లేడు.

ట్రేసరు ముందు తూర్పు పటం ఎక్కించాడు. దోసగింజ దగ్గరికొచ్చేసరికి రెండు గీతలు ఇరుకునపడ్డాయి. రోడ్డు పేరు పొడుగు. దాన్ని రాయడానికి రోడ్డు గీత కావాలి. రోడ్డు ఉంచి కాలువ వదిలేశాడు. మూడు వారాల తరవాత పడమర పటం చేతికొచ్చింది. కాలువ పైనుంచి నీలం సిరాలో ఒంపు తిరుగుతూ దిగుతోంది. ఆ పూట పెన్ను బాగా పారుతోంది. అంత చక్కటి ఒంపును మధ్యలో తెంచబుద్ధి కాలేదు. కాలువ ఉంచి రోడ్డు వదిలేశాడు. దేనికది చూస్తే ఏ పటంలోనూ దోషం లేదు. గుమాస్తా ఒకడు పటాలు ముందు పెట్టుకుని హద్దులను మాటల్లో రాశాడు. తూర్పు నియోజకవర్గమంటే రోడ్డుకు తూర్పున ఉన్నదంతా. పడమర నియోజకవర్గమంటే కాలువకు పడమట ఉన్నదంతా. పై అధికారులు రెండింటి మీదా సంతకాలు పెట్టారు. గదినిండా గాజుబల్లలున్న ఆఫీసులో ఒక పటం మీద రెండోది పరిచి చూసినవాడు లేడు. గెజిట్‌లో అచ్చయింది. అభ్యంతరాలకు పదిహేను రోజులు గడువిచ్చారు. గెజిట్ చదివే అలవాటు ఎవరికీ లేదు కనక అభ్యంతరాలూ రాలేదు.

పనిమంతుడు కాకపోయుంటే అతను ఈ తప్పు చేసేవాడు కాదు. చేతకానివాడెవడైనా రెండు గీతలూ గీసి మరక చేసి ఉండేవాడు. ఆ మరక చూసి హద్దు ఏదని ఎవరో ఒకరు అడిగేవారు, నలభై మూడిళ్లూ బతికిపోయేవి.

వాటిలో ఒకటి అతని అక్కది.

అక్క అతనికంటే తొమ్మిదేళ్లు పెద్దది. అమ్మానాన్నలు త్వరగా పోతే, కుట్టుమిషను తొక్కి అతన్ని చదివించింది. ఆ తరవాత భర్త పోయాడు, పిల్లలు లేరు, మిషను మిగిలింది. ఆ రెండు గదుల ఇల్లు ఇరవై ఏళ్ల కింద తమ్ముడే వెతికిపెట్టాడు. కాలువ వైపు కిటికీ, కిటికీ కింద మిషను. "కంపు కొడుతుందేమో అక్కా" అని అతను సణిగితే, "ముక్కుకేం, రెండు రోజుల్లో అలవాటు పడుతుంది. కంటికి వెలుతురు రోజూ కావాలిరా" అని అక్కడే స్థిరపడింది. బడి యూనిఫారాలు ఆమె ప్రత్యేకత. నలభై మూడిళ్లలో ప్రతి పిల్లాడి భుజం కొలతా పుస్తకం చూడకుండా చెప్పేది. ఎవడు ఏడాదిలో ఎన్ని అంగుళాలు సాగుతాడో ముందే ఊహించి మడత లోపల అంత గుడ్డ ఉంచేది. వీధి మొత్తం ఆమెను మిషనక్క అనేది. ఆమె వీధి మొత్తానికీ చెప్పేది: "మా తమ్ముడు పటాలాఫీసు. ఊరంతా వాడి వేళ్ల కిందే ఉంటుంది."

పునర్విభజన తరవాత మొదటి ఎన్నికలు వచ్చాయి. మిషనక్క పక్కింటి లెక్కల మాస్టారిని వెంటబెట్టుకుని తూర్పు పోలింగు కేంద్రానికి వెళ్లింది. మాస్టారికి డెబ్భై రెండేళ్లు. రిటైరయ్యాక ఆయనకు ఓటెయ్యడం తప్ప ఊరితో పనేమీ మిగల్లేదు.

"మీ పేర్లు లేవమ్మా. మీరు పడమర" అన్నాడు లిస్టు పట్టుకున్నాయన.

పడమర కేంద్రంలో, "మాది కాలువ దాకానే. మీరు కాలువకవతల. తూర్పుకెళ్లండి" అన్నారు.

తిరిగి తూర్పుకొచ్చారు. లిస్టాయన మొహం చిట్లించాడు. "మళ్లీ వచ్చారేంటమ్మా?"

"ఏం చెయ్యమంటావు బాబూ, పొద్దున్నించీ ఈ గుమ్మంలోంచి ఆ గుమ్మంలోకి బంతిని తన్నినట్టు తంతున్నారు. గోలు ఎక్కడుందో చెప్పు, నేనే వెళ్లి పడతాను" అంది అక్క. లైన్లో ఉన్నవాళ్లు నవ్వారు.

మాస్టారు నవ్వలేదు. "ఎక్కడా లేకుండా పోవడానికి నాకింకా నాలుగైదేళ్లు టైముందనుకున్నానే" అన్నాడు.

ఆదివారం వచ్చిన తమ్ముడు ఇదంతా విని తేలిగ్గా తీసుకున్నాడు. "లిస్టుల్లో ఇలాంటివి మామూలే అక్కా. కొత్త ఫారాలు పెట్టుకుంటే సరి." తనే కూర్చుని నలభై మూడిళ్లకూ ముత్యాల్లాంటి అక్షరాలతో ఫారాలు నింపిపెట్టాడు. రెండు వైపుల నుంచీ ఫారాలు తిరిగొచ్చాయి. రెండింటి మీదా ఒకటే ముద్ర: మా పరిధిలోకి రారు.

ఓటు లేకపోతే మనిషి విలవిల్లాడిపోతాడని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. దోసగింజలో ఎవరూ విలవిల్లాడలేదు. కుళాయిలో నీళ్లు ఎప్పట్లాగే వచ్చాయి, రానప్పుడు ఎప్పట్లాగే రాలేదు. వీధిలోకి మైకు బండ్లు రావడం మానేశాయి. "పళ్లికిలించుకుంటూ ఒక్కడూ రావట్లేదు, పసిపిల్లలు హాయిగా నిద్రపోతున్నారు" అని ఆడవాళ్లు సంతోషించారు. మూడేళ్లు అలా గడిచాయి. అడిగేవాళ్లు లేరంటే అసలు అర్థమేమిటో నాలుగో ఏట తెలిసింది.

రోడ్డు వెడల్పు చెయ్యాలన్నారు. ఇంజనీర్లు రెండు రకాలుగా గీశారు. తూర్పుకు జరిపితే పద్నాలుగు దుకాణాలు, ఒక గోడౌను పోతాయి. పడమరకు జరిపితే నలభై మూడిళ్లు పోతాయి. దుకాణాలవాళ్లు తూర్పు శాసనసభ మెంబరు దగ్గరికెళ్లారు. వాళ్లు ఆయన ఓటర్లు; ఆయన వాళ్ల కోసం మాట్లాడాడు. ఇందులో కుట్రలేమీ వెతకనక్కర్లేదు, ఆయన చేయవలసిన పని ఆయన చేశాడు. నలభై మూడిళ్ల కోసం మాట్లాడవలసిన మెంబరు లేడు. ఏ వైపు ఖాళీ చేయించాలన్నది పావుగంటలో తేలిపోయింది. ఇళ్ల గోడల మీద ఎర్ర రంగుతో అంకెలు వేసి వెళ్లారు. నాలుగు నెలలు గడువు.

మిషనక్క, మాస్టారు, తోడుగా ట్రేసరు, ముగ్గురూ తూర్పు మెంబరు ఆఫీసుకు వెళ్లారు. ఆయన సహాయకుడు మర్యాదస్థుడు. కుర్చీలు వేయించాడు, మంచినీళ్లిప్పించాడు, కంప్యూటరు వైపు తిరిగాడు.

"ఏ పోలింగు కేంద్రమండీ?"

"ఏదీ కాదు" అన్నాడు మాస్టారు.

"అలా ఎలా ఉంటారండీ? ఎక్కడో ఒకచోట ఉండాలిగా."

"ఉన్నాం బాబూ, నీ ఎదురుగానే. కావాలంటే గిల్లి చూసుకో" అంది అక్క.

అతను నొచ్చుకున్నాడు. "అది కాదమ్మా. మెంబరుగారు పక్క నియోజకవర్గం విషయాల్లో వేలు పెట్టరు. మనకీ ఒక మర్యాదుంటుంది కదా."

ట్రేసరు ఈ మాటలు సగమే విన్నాడు. సహాయకుడి తల వెనక గోడ మీద తూర్పు పటం ఉంది. తన చేతి అక్షరాలు దూరం నుంచే గుర్తుపట్టాడు. రోడ్డు ఉంది. పక్కన కాలువ లేదు. ఉండదు, తనే తీసేశాడు. అందులో ఆశ్చర్యమేమీ లేదు. అక్కణ్ణించి పడమర మెంబరు ఆఫీసుకు వెళ్లారు. అక్కడా కుర్చీలు, మంచినీళ్లు, ఒక మర్యాదస్థుడు. అతని తల వెనక పడమర పటం. కాలువ ఉంది. నీలం ఒంపు, ఎక్కడా తెగకుండా. పక్కన రోడ్డు లేదు.

"ఏరా, అలా అయిపోయావేంటి? నీళ్లు తాగు" అంది అక్క.

మర్నాడు ఆఫీసులో అందరూ భోజనానికి లేచాక అతను రికార్డు గదిలోంచి రెండు అసలు కాగితాలూ తీయించాడు. మూలల్లో ఉన్న గుర్తులు కలిపి, ఒకదాని మీద ఒకటి గాజుబల్ల మీద పరిచి, కింద దీపం వేశాడు. ఎడమ పక్క నీలం గీత, కుడి పక్క నల్ల గీత. రెండింటి మధ్యలో దోసగింజంత వెలుతురు. అందులో సిరాచుక్క లేదు. ఎక్కడా గీకిన మరక కూడా లేదు.

ఇంటికెళ్లి భార్యకు చెప్పాడు. తప్పు తనదేనని రాసిస్తే, సరిదిద్దుతారేమోనన్నాడు.

"ఇంకో పదకొండు నెలల్లో రిటైరవుతున్నారు. ఇప్పుడా రాసిచ్చేది? పెన్షను ఆపేస్తే?"

"అక్క ఇల్లు పోతుందే."

"మీరు రాస్తే ఆగుతుందా?"

అతను బల్ల మీద వేలితో ఒక గీత గీశాడు.

"ఆగుతుందని చెప్పండి, నేనే కాగితం తెచ్చిస్తాను. ఆగుతుందా?"

అతను లేచి దీపం ఆర్పాడు. పొద్దున లేచేసరికి బల్ల మీద నాలుగు తెల్లకాగితాలు, పైన పెన్ను బరువు పెట్టి ఉన్నాయి. ఆవిడ వంటగదిలోంచి బయటికి రాలేదు.

సూపరింటెండెంటు అతని ఉత్తరం రెండుసార్లు చదివాడు. ఆయన చెడ్డవాడు కాదు. నిబంధనల పుస్తకం తీసి వెతికాడు. పటం ఎక్కించడంలో దొర్లిన పొరపాట్లను ప్రత్యేక ఉత్తర్వుతో సరిదిద్దవచ్చునని ఒక క్లాజు నిజంగానే ఉంది.

"ముప్పై ఏళ్లుగా ఈ పుస్తకం తిరగేస్తున్నాను. ఈ క్లాజు ఒక్కరూ వాడలేదయ్యా."

"పొరపాట్లు జరగలేదా సార్?"

"జరగకేం. నాదేనని రాసిచ్చినవాడు లేడు." సంతకం పెట్టి అదే రోజు పైకి పంపించాడు.

ఆ సాయంత్రం ట్రేసరు అక్క దగ్గరికి వెళ్లాడు. ఆమె మిషను మీద కాలరు తిప్పుతోంది. గుమ్మంలో నిలబడే చెప్పేశాడు. కాలువ ఎందుకు తీశాడో, రోడ్డు ఎందుకు తీశాడో, నీలం సిరా ఎంత బాగా పారిందో సహా చెప్పాడు. మిషను ఆగింది.

"అంటే, అందంగా ఉందని వదల్లేకపోయావన్న మాట" అంది అక్క.

"అవును."

"కుట్టు తప్పితే విప్పి మళ్లీ కుడతాం. మీ ఆఫీసులో విప్పడం లేదట్రా?"

"ఉందక్కా. రాసిచ్చాను. పైకి వెళ్లింది."

"ఇక్కడ ఇంకెవరికైనా చెప్పావా?"

"లేదు. మాస్టారికి చెబుదామని—"

"నోరు మూసుకో. నా తమ్ముడు పటాలాఫీసని పాతికేళ్లుగా గొప్పలు చెప్పుకున్నాను. ఇప్పుడు ప్రతి గుమ్మంలోనూ, మీ ఇల్లు కూల్చింది వాడేనని చెప్పమంటావా? చెబితే నీ మనసు తేలికవుతుంది. బరువు నేను మొయ్యాలి. నీ గుండె కడుక్కోడానికి నా వీధి వాడుకోకు." కాలరు తిరగేసి మళ్లీ పెడలు తొక్కింది. కాసేపయ్యాక తలెత్తకుండానే, "భోంచేసి వెళ్లు" అంది.

అతను ఉండలేదు. ఆమె రెండోసారి పిలవలేదు.

పైనుంచి ఆరు వారాలకు జవాబొచ్చింది. తిరస్కరించలేదు. ఒక వివరం అడిగారు, అంతే: ఈ పొరపాటు వల్ల నష్టపోయిన ఓటర్ల సంఖ్య ఎంత? సూపరింటెండెంటు ఓటర్ల విభాగానికి రాశాడు. వాళ్లు తూర్పు లిస్టూ, పడమర లిస్టూ జల్లెడ పట్టి జవాబు పంపారు. ఆయన ఆ కాగితం చాలాసేపు చేతిలో పట్టుకున్నాడు.

"ఎంతమందన్నారు సార్?"

"సున్నా."

"ఓటు వయసున్నవాళ్లు నూట ముప్పై ఎనిమిది మందున్నారు సార్. నేను ఇల్లిల్లూ తిరిగి లెక్కపెట్టాను."

"వాళ్లు మనుషులయ్యా. అడిగింది ఓటర్ల సంఖ్య. ఓటరంటే లిస్టులో పేరున్నవాడు."

"పేర్లు లేకుండా పోయింది నా తప్పు వల్లే కదా సార్!"

"అవును. అందుకే సున్నా" అన్నాడు సూపరింటెండెంటు. ఆయన ఇది వెటకారంగా అనలేదు. ఆయనకు అంతకంటే సూటిగా చెప్పడం చేతకాలేదు.

అయినా ఆయన ప్రయత్నం మానలేదు. పునర్విభజనకు ముందు నాటి పాత లిస్టు తెప్పించి, అందులో నూట ముప్పై ఎనిమిది పేర్లకు ఎర్ర గీతలు కొట్టించి, జతచేసి పంపాడు. పాత లిస్టు పాత నియోజకవర్గానిది, ఆ నియోజకవర్గం ఇప్పుడు లేదు కనక ఆ లిస్టుకు విలువ లేదన్నారు. చివరి ఉత్తర్వు నాలుగు లైన్లు. ఓటర్లెవరికీ నష్టం వాటిల్లినట్టు కనబడనందున, విషయాన్ని వచ్చే పునర్విభజన సమయంలో పరిశీలించవచ్చు. వచ్చే పునర్విభజనకు ఇంకా తొమ్మిదేళ్లుంది. ట్రేసరు మీద ఏ చర్యా తీసుకోలేదు. నష్టం లేనిచోట తప్పు ఉండదు కనక అతని సర్వీసు పుస్తకంలో ఒక్క అక్షరం పడలేదు. అతని భార్య ఊరట చెందింది. ఊరట చెందినందుకు సిగ్గుపడి రెండు రోజులు అతనితో సరిగ్గా మాట్లాడలేకపోయింది.

ఇళ్లు కూల్చడానికి అయిదు రోజులు పట్టింది. పరిహారం కాగితాల మీద నియోజకవర్గం పేరు రాసే చోటు ఖాళీగా ఉండటంతో అవీ ఒక మూలన ఆగాయి. మాస్టారు ఇంకో ఊళ్లో కూతురింటికి వెళ్లాడు. వెళ్తూ ట్రేసరు చేతులు రెండూ పట్టుకుని, "మా కోసం అంత తిరిగావు నాయనా. ఈ వీధిలో నీ మేలు మరిచిపోయేవాళ్లు లేరు" అన్నాడు. ట్రేసరు నోరు తెరిచాడు. వెనకనుంచి అక్క చూస్తోంది. నోరు మూసుకున్నాడు.

మిషను బండెక్కాక అతను అడిగాడు. "మా ఇంటికి వచ్చెయ్యక్కా. ముందు గది ఖాళీ చేశాం. కిటికీ కూడా ఉంది."

"నీ భార్య మంచిది. నన్ను బాగానే చూస్తుంది."

"మరింకేం?"

"పొద్దున్న లేస్తే నీ మొహం చూడాలి. నువ్వు నా మొహం చూడాలి. ఎందుకొచ్చిన బాధరా ఇద్దరికీ?"

ఊరికి ఆ చివర, ఎత్తైన బిల్డింగుల వెనక, ఇంకో బిల్డింగులో ఒక గది అద్దెకు తీసుకుంది. ఆ బిల్డింగుల్లో పిల్లలకు యూనిఫారాలు బడివాళ్లే కుట్టించి పెట్టెల్లో ఇస్తారు. ఎవరి భుజం ఎంతో ఆమెకు తెలియదు, తెలుసుకోవలసిన అవసరమూ ఎవరికీ లేదు. జిప్పు ఊడినవాళ్లు నెలకు ఇద్దరో ముగ్గురో వచ్చేవారు. మిగతా రోజులు మిషను మీద దుప్పటి కప్పి ఉండేది. వెలుతురు మధ్యాహ్నం ఒక గంట గోడ మీద పడి పోయేది.

ట్రేసరు రిటైరయ్యాడు. వీడ్కోలు సభలో అందరూ అతని చేతిని పొగిడారు. అతను గీసినవాటిలోకెల్లా అందమైనదేదో జూనియర్లంతా కూర్చుని ఓటింగు పెట్టి మరీ ఎంచి, చట్రం కట్టించి బహుమతిగా ఇచ్చారు. రంగు కాగితం విప్పి చూస్తే పడమర పటం. చప్పట్లు కొట్టారు. అతను దాన్ని ఇంటికి మోసుకెళ్లి, బీరువా వెనక గోడకు మొహం పెట్టి నిలబెట్టాడు.

ప్రతి ఆదివారం అక్క గదికి వెళ్లేవాడు. అతను కూరగాయలు తెచ్చేవాడు, ఆమె "ఇన్నెందుకురా" అనేది. మళ్లీ ఎన్నికలు దగ్గరపడిన ఒక ఆదివారం, ఓటర్ల లిస్టు రాసుకునే పంతులమ్మ ఒకామె తలుపు తట్టింది. మధ్యవయసు మనిషి, చంకలో ఫారాల కట్ట, మెట్లెక్కి ఆయాసపడుతోంది. అక్క కుర్చీ చూపించింది.

"ఇక్కడ మీరొక్కరేనా అండీ? కొత్తగా వచ్చారా?"

"ఏడాదైంది."

"అయితే పేరు ఎక్కించుకోవచ్చు. ఇంతకుముందు మీ ఓటు ఎక్కడ? తూర్పా, పడమరా? అది రాస్తే అక్కడ తీసేసి ఇక్కడ కలుపుతారు."

అక్క తమ్ముడి వైపు చూసింది. అతను ఫారం చేతిలోకి తీసుకున్నాడు. జేబులోంచి పెన్ను తీశాడు. ఆ గడి మీద పెన్ను పెట్టి అలాగే ఆగిపోయాడు.

"ఎక్కడా లేదండీ" అన్నాడు చివరికి.

"ఎక్కడా లేకపోవడమేంటండీ?" పంతులమ్మ కళ్లజోడు సర్దుకుని అక్క వంక చూసింది. "అరవై దాటినట్టున్నారు. అయితే మొదటిసారి ఓటరని రాయాలి. అలా రాస్తే పైనుంచి నన్ను అడుగుతారు, ఇన్నేళ్లూ ఈవిడ ఎక్కడుందని. పాత కాగితమేదైనా చూపించండి. పాత ఇంటి నంబరైనా సరే."

"ఆ ఇల్లు లేదు" అన్నాడు ట్రేసరు. "రోడ్డైంది. నేను రాసిస్తాను. జరిగిందంతా నేను రాసిస్తాను, ఆ పటం గీసింది—"

"వద్దమ్మా" అంది అక్క పంతులమ్మతో, తమ్ముడి మాటకు అడ్డం వస్తూ. "ఎండలో పడి వచ్చావు. నీకెందుకీ గొడవంతా? తలుపు తీసినవాళ్లు లేరు, ఇంట్లో ఎవరూ లేరని రాసుకో."

"అదేంటండీ, మీరుండగా..."

"పర్లేదు రాసుకో. నాకలవాటే."

పంతులమ్మ ఇద్దరి వంకా మార్చి మార్చి చూసింది. ఆమెకు ఆ బిల్డింగులో ఇంకా నాలుగంతస్తులున్నాయి. ఎవరూ లేని ఇళ్లకు ఫారంలో వేరే గడి ఉంది. అందులో టిక్కు పెట్టి, మంచినీళ్లు తాగి, గ్లాసు కిందపెట్టి లేచింది. ట్రేసరు ఆమెను ఆపలేదు. మెట్ల మీద ఆమె చెప్పుల చప్పుడు పై అంతస్తుకు చేరి, అక్కడ ఇంకో తలుపు తట్టిన చప్పుడు వినిపించేదాకా, మూతపెట్టని పెన్నుతో అలాగే కూర్చున్నాడు.